రైతుకూ కూలీకీ మధ్య గోడ ఎవరు కడుతున్నారు?

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో గ్రామీణ ఉపాధి హామీ పథకం ప్రారంభమయింది. దేశం మొత్తం మీద తొలి పలుగు మన కరువు సీమలోనే పడింది. పని అడిగిన కుటుంబానికి ఏడాదికి 100 రోజుల పని చూపాలని, చూపలేకపోతే భృతి ఇవ్వాలని 2005 నాటి చట్టం చెప్పింది. దాని అమలులో ఎన్ని లోపాలున్నా, ఎన్ని బకాయిలు పడినా, కూలి రేటు గురించి ఆసామి ముందు తల ఎత్తి మాట్లాడే ధైర్యం పేదలకు కొంత వచ్చింది. ఇది పల్లె తెలిసిన ప్రతి కార్యకర్తా ఎరిగినదే.

2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టం స్థానంలో ‘వికసిత్ భారత్’ పేరు తగిలించిన మరో చట్టం చేసింది. 100 రోజులను 125 రోజులు చేశామని ఏలినవారు చాటుకున్నారు. కాని చెప్పుకోని సంగతులు రెండున్నాయి. ఒకటి, పాత చట్టంలో కూలి సొమ్ము మొత్తం కేంద్రం భరించేది; కొత్త చట్టంలో ఖర్చులో 40 పాళ్ళు చాలా రాష్ట్రాల నెత్తిన పడుతుంది. రెండవది ఇంకా ముఖ్యమైనది. నాట్లు, కోతలు జోరుగా సాగే కాలంలో ఏడాదికి మొత్తం 60 రోజులు పనులు ఆపివేయాలట! ఎందుకయ్యా అంటే రైతుకు కూలీలు దొరకాలట!

చూడడానికి ఇది రైతు మీద ప్రేమలాగే కనపడుతుంది. ఎరువు ధర పెరిగినప్పుడు రాని ప్రేమ, ధాన్యం కల్లంలో తడిసినప్పుడు రాని ప్రేమ, కూలివాడి బేరమాడే శక్తిని తగ్గించేటప్పుడు మాత్రం పొంగి పొర్లుతున్నది. అయినా దీన్ని మెచ్చుకునే రైతులు ఊళ్ళలో వున్నారు. “ఉపాధి పనులొచ్చాక కూలోళ్ళు పొలం గట్టెక్కడం లేదండీ” అని రచ్చబండ మీద రైతు అంటాడు. “గిట్టుబాటు ధర కావాలని రోడ్డెక్కుతారు, మాకు గిట్టుబాటు కూలి అడిగితే మొహం మాడ్చుకుంటారు” అని గూడెంలో కూలి అంటాడు. ఇద్దరి మాటలోనూ బాధ వున్నది. ఇద్దరి బాధనూ ఎరగా వేసి ఎవరో మూడోవాడు చేపలు పట్టుకుంటున్నాడు.

మరి రైతు సంఘంలోనూ, వ్యవసాయ కార్మిక సంఘంలోనూ పనిచేసేవారు ఈ తగాదాలో ఎటు నిలబడాలి? అందరూ ఒకటే అని సర్ది చెప్పడమా? రైతును శత్రువుగా ప్రకటించి కూలీలతో విడిగా నడవడమా? ఈ ప్రశ్న నిన్న మొన్న పుట్టింది కాదు. సోషలిస్టు ఉద్యమాలు నూటయాభై ఏళ్ళుగా ఇదే ప్రశ్న మీద వాదించుకున్నాయి, చీలిపోయాయి, మళ్ళీ కలిశాయి. తప్పు జవాబు చెప్పుకున్న చోట్ల నెత్తురు ధార పోసి నేర్చుకున్నాయి. ఆ చరిత్ర తెలియడం పండితుల అవసరమే కాదు, గ్రామాల్లో పనిచేసే మన అవసరం కూడా.

“ఊరంతా ఒకటే” అన్న వాదం

రష్యాలో 1861లో అర్ధబానిసత్వం రద్దయింది. రైతు స్వేచ్ఛాజీవి అయ్యాడన్నారు, కాని తన చెమటతో సాగయిన భూమికే ఏళ్ళ తరబడి పరిహారపు వాయిదాలు చెల్లించవలసి వచ్చింది. ఆ రోజుల్లో ‘నరోద్నిక్కులు’ అనే విప్లవకారులు వుండేవారు. ‘నరోద్’ అంటే ప్రజలు. 1874లో వేలాదిమంది చదువుకున్న యువతీ యువకులు పట్నాలు వదిలి పల్లెలకు పోయారు. వారి త్యాగాన్ని ఎవరూ తక్కువ చేయలేరు. రష్యా పల్లెలో భూమిని ఉమ్మడిగా పంచుకునే సముదాయం వుంది గనుక, పెట్టుబడిదారీ విధానం దారి తొక్కకుండానే నేరుగా సోషలిజానికి పోవచ్చునని వారి నమ్మకం. వారి దృష్టిలో రైతాంగం అంతా ఒకే ముద్ద. ఊరు ఒక పక్క, జారు ప్రభుత్వం, పట్నం మరో పక్క.

ఈ విషయం మీద వేరా జసూలిచ్ అనే విప్లవకారిణి 1881లో మార్క్సుకే ఉత్తరం రాసింది. ‘పెట్టుబడి’ గ్రంథంలో తాను వివరించిన క్రమం పశ్చిమ ఐరోపాకు సంబంధించినదని, రష్యా గ్రామ సముదాయానికి అదే తలరాత అని తాను చెప్పలేదని మార్క్సు జవాబిచ్చాడు. అంటే మార్క్సు రైతును చరిత్ర చెత్తబుట్టలో పారేశాడన్న ప్రచారం నిజం కాదు. అయితే ఊరు చెక్కు చెదరకుండా వుందని కూడా ఆయన అనలేదు.

ఊరు చెదిరిపోతున్న సంగతిని 1899లో లెనిన్ లెక్కలు వేసి చూపించాడు. జిల్లా సంస్థలు సేకరించిన అంకెలను ముందేసుకుని ఏ ఇంటికి ఎన్ని గుర్రాలున్నాయో, ఎవరు భూమి కౌలుకు తీసుకుంటున్నారో, ఎవరు కూలికి పోతున్నారో విడదీసి చూశాడు. గుర్రం లేని ఇల్లు ఒకటి, ఒక్క గుర్రం వున్న ఇల్లు ఒకటి, అనేక గుర్రాలతో సేద్యం చేస్తూ జీతగాళ్ళను పెట్టుకునే ఇల్లు ఒకటి. ముగ్గురినీ ‘రైతు’ అనే ఒకే పేరుతో పిలిస్తే లాభపడేది మూడోవాడే! మన ఊళ్ళో గుర్రం బదులు ట్రాక్టరును, వరికోత యంత్రాన్ని, బోరు బావిని పెట్టి చూస్తే ఈ లెక్క మనకూ అర్థమవుతుంది.

నరోద్నిక్కుల వారసత్వం తరువాత సోషలిస్టు రివల్యూషనరీ పార్టీకి వచ్చింది. కూలీ, పేద రైతు, సొంత కష్టం మీద బతికే రైతు అందరూ ఒకే శ్రామిక వర్గమనీ, భూమిని అందరిదీ చేసి దున్నేవారికి సమానంగా పంచాలనీ వారు అన్నారు. వారి సిద్ధాంతంలో లోపమున్నా రైతు గుండెలో వున్న భూమి ఆకలిని వారు బాగా పట్టుకున్నారు. ఇది మరచిపోరాదు.

“ఆస్తి వున్నవాడు ఎటూ మనవాడు కాడు” అన్న వాదం

దీనికి ఎదురు కొసలో మరో ధోరణి వున్నది. సోషలిజం ఫ్యాక్టరీ కార్మికుడి పని, రైతు చిన్న ఆస్తిపరుడు, ఎటూ మునిగిపోయేవాడే కనుక అతని వెంట పడనక్కరలేదు అన్నది దాని సారాంశం. జర్మనీ సోషల్ డెమొక్రాట్లలో 1894-95లో దీనిపై పెద్ద చర్చ జరిగింది. చిన్న రైతును కాపాడే కార్యక్రమం పెట్టుకుందామని కొందరు అన్నారు. అది తిరోగమనమని కాట్‌స్కీ వర్గం వాదించింది. 1895లో బ్రెస్లావు మహాసభ ఆ కార్యక్రమాన్ని తోసిపుచ్చింది.

అంతకుముందే, 1894లో, ముసలి వయసులో ఎంగెల్స్ ఈ విషయం మీద ఒక వ్యాసం రాశాడు. నీ చిన్న కమతాన్ని శాశ్వతంగా నిలబెడతామని రైతుకు అబద్ధం చెప్పకూడదని అందులో అన్నాడు. అలాగని అధికారం వచ్చాక అతని భూమిని బలవంతంగా గుంజుకోకూడదనీ, సహకార సేద్యంలో లాభం కళ్ళతో చూసి తనంత తాను వచ్చేదాకా ఆగాలనీ అన్నాడు. అంటే అబద్ధమూ పనికిరాదు, బలవంతమూ పనికిరాదు. ఈ రెండు హెచ్చరికలనూ పాటించిన చోట ఉద్యమం బలపడింది, మీరిన చోట దెబ్బతిన్నది.

రష్యాలో మెన్షివిక్కులు రైతును నమ్మలేదు. రానున్న విప్లవం ధనిక వర్గానిది గనుక ఉదారవాదులతో కలిసి నడవాలన్నారు. 1906లో స్టాక్‌హోం మహాసభలో భూమిని స్థానిక సంస్థల పరం చేయాలని వారు, జాతీయం చేయాలని లెనిన్, రైతులకు పంచివేయాలని మరికొందరు, ఇలా మూడు వాదాలు వచ్చాయి. 1917లో తీర్పు చెప్పింది మాత్రం మహాసభలు కాదు. పల్లెలే తీర్పు చెప్పాయి. తాత్కాలిక ప్రభుత్వం భూమి సంగతి రాజ్యాంగ సభ చూసుకుంటుందని వాయిదా వేస్తుంటే రైతులు దొరల భూముల్లో దిగి దున్నడం మొదలుపెట్టారు.

అక్టోబరు విప్లవం జరిగిన మరునాడే భూమి డిక్రీ వెలువడింది. అది 242 స్థానిక రైతు తీర్మానాల ఆధారంగా తయారయినది. “ఇది మా కార్యక్రమం, మీరు ఎత్తుకుపోయారు” అని సోషలిస్టు రివల్యూషనరీలు ఎగతాళి చేశారు. నిజమే, అందులోని మాటలు వారివే. కాని ప్రభుత్వంలో వుండి నెలల తరబడి వారు చేయలేని పనిని బోల్షివిక్కులు ఒక్క రాత్రిలో చేశారు. రైతు కోరికను కింది నుంచి విని అమలు చేసిన పార్టీకే రైతు తోడుపడ్డాడు.

దీన్ని విమర్శించినవారు మన శిబిరంలోనే వున్నారు. రోజా లక్సెంబర్గ్ 1918లో జైలు నుంచి రాస్తూ, భూమి పంచడం వలన సోషలిజానికి రేపు పల్లెల్లో కొత్త ఆస్తిపరుల శత్రుత్వం ఎదురవుతుందని హెచ్చరించింది. ఆ హెచ్చరికలో కొంత నిజం వుంది. కాని పంచకపోతే ఆ విప్లవం నిలిచేదే కాదన్నది అంతకన్నా పెద్ద నిజం.

విడదీసి చూడాలి, కలిపి నడపాలి

మూడవ మార్గం ఈ అనుభవాల నుంచే వచ్చింది. 1903లో లెనిన్ పల్లె పేదల కోసం సులభశైలిలో ఒక చిన్న పుస్తకం రాశాడు. కూలీలు ముందు తమ సొంత సంఘంలో నిలబడాలి. పేద రైతు వారికి చుట్టం. మధ్యతరగతి రైతు ఊగిసలాడతాడు, అతనికి నచ్చచెప్పి గెలుచుకోవాలి. దొర మీద పోరాటంలో ధనిక రైతు కలిసి వచ్చినా, కూలి దగ్గరికి వచ్చేసరికి అతను ఎటు తిరుగుతాడో మరవకూడదు. ఇదీ అందులోని సారం.

చెప్పినంత తేలికగా ఇది అమలు కాలేదు. అంతర్యుద్ధ కాలంలో పట్నాలకు తిండి లేక పల్లెల నుంచి ధాన్యం బలవంతంగా తీశారు. 1918 వేసవిలో పెట్టిన పేదల కమిటీలు ధనిక రైతుతోబాటు మధ్య రైతును కూడా తాకాయి. 1919లో ఎనిమిదవ మహాసభ మధ్య రైతు మీద పెత్తనం చేయరాదనీ, అతనితో ఒప్పందానికి రావాలనీ తీర్మానించింది. 1921లో ధాన్యం గుంజుకోవడం ఆపి, నిర్ణీత పన్ను పోగా మిగిలింది అమ్ముకునే హక్కు రైతుకు ఇచ్చారు. 1923లో మరో చిక్కు వచ్చింది. ఫ్యాక్టరీ సరుకుల ధరలు ఆకాశానికి, పంటల ధరలు పాతాళానికి పోయాయి. గ్రాఫు మీద గీతలు తెరిచిన కత్తెరలాగా కనిపించాయి గనుక దాన్ని ‘కత్తెర సంక్షోభం’ అన్నారు. రైతు ధాన్యం అమ్మడం మానేశాడు. అప్పుడు సోవియట్ ప్రభుత్వం ఫ్యాక్టరీ సరుకుల ధరలు దించవలసి వచ్చింది. ఈనాడు మన రైతు పురుగు మందు సీసాకూ, ధాన్యం బస్తాకూ నడుమ ఇరుక్కున్నది ఆ కత్తెరలోనే. తేడా ఏమంటే, ఇక్కడ కత్తెర పిడి కంపెనీల చేతిలో వున్నది.

ఆ తరువాత 1929 చివరి నుంచి సమష్టి సేద్యాన్ని బలవంతంగా రుద్దిన మాట, 1932-33లో కరువు వచ్చి లక్షల మంది ప్రాణాలు పోయిన మాట కూడా చరిత్రే. దాన్ని దాచిపెడితే మనకే నష్టం. ఎంగెల్స్ వద్దన్న బలవంతం జరిగింది, దాని ఫలితం రైతాంగమూ సోషలిజమూ రెండూ అనుభవించాయి.

చైనాలో పట్నం కార్మికులే అంతా అని మొదట నమ్మిన పార్టీ 1927లో పట్నాల్లో ఊచకోతకు గురయింది. అదే ఏడు హునాన్ రాష్ట్రంలో పేద రైతులు సంఘాలు పెట్టి దొరల అధికారాన్ని కూల్చడం మావో దగ్గరుండి చూసి నివేదిక రాశాడు. రైతాంగం వెనకబడిన శక్తి కాదనీ, విప్లవానికి ప్రధాన బలం కాగలదనీ అక్కడి అనుభవం చూపింది.

తెలంగాణ చెప్పిన పాఠం

ఇదంతా ఎక్కడో పరాయి దేశాల చర్చ అనుకోనక్కరలేదు. మన గడ్డ మీదనే ఈ వాదం అక్షరాలా ప్రాణాల మీదికి వచ్చింది. 1946లో తెలంగాణ పల్లెలు వెట్టి మీద, అక్రమ లెవీ మీద తిరగబడ్డాయి. మొదట్లో దొర మీద ద్వేషంతో కూలీ నుంచి ఉన్న రైతు దాకా సంఘం వెనక నిలబడ్డారు. భూముల పంపకం మొదలయ్యాక గరిష్ఠ పరిమితి ఎంత అన్న ప్రశ్న వచ్చింది. 500 ఎకరాల నుంచి 200లకు, తరువాత మెట్ట 100, మాగాణి 10 ఎకరాలకు పరిమితి దిగింది. పరిమితి దిగిన కొద్దీ పేదలు దగ్గరయ్యారు, పైతరగతి రైతుల్లో కొందరు దూరమయ్యారు. 3000 గ్రామాల్లో ప్రజా రాజ్యం నడిచిందనీ, 10 లక్షల ఎకరాలు పంచారనీ, 4000 మంది అమరులయ్యారనీ సుందరయ్య గారు ఆ పోరాట చరిత్రలో రాశారు.

1948లో కలకత్తా మహాసభ తరువాత రణదివే నాయకత్వం పట్నాల్లో కార్మికుల సమ్మెలు, తిరుగుబాట్లతో దేశమంతా విప్లవం వస్తుందని భావించింది. పెట్టుబడిదారులతోపాటు ధనిక రైతును కూడా శత్రువుల జాబితాలో చేర్చింది. ఆంధ్ర నాయకులు అదే ఏడు వేరే పత్రం పెట్టారు. మన దేశం పరిస్థితి పాత రష్యా కన్నా చైనాకు దగ్గరగా వున్నదనీ, రైతాంగ పోరాటమే ఇరుసు అనీ, మధ్య రైతును గట్టి మిత్రుడిగా చూడాలనీ వారు వాదించారు. 1950లో నాయకత్వం మారింది. 1951లో రాజేశ్వరరావు, బసవపున్నయ్య, డాంగే, అజయ్ ఘోష్ మాస్కో వెళ్ళి స్టాలిన్‌తో చర్చించారు. రష్యా దారి, చైనా దారి అని నకలు కొట్టడం కాదు, మీ దేశ పరిస్థితిని బట్టి నడవాలన్నది ఆ చర్చల నుంచి తేలిన సారం. 1951 అక్టోబరులో సాయుధ పోరాటం విరమించారు. విరమణ మంచిదా చెడ్డదా అన్న వాదన ఈనాటికీ తెగలేదు. 1967లో నక్సల్బరీ, ఆ వెంటనే శ్రీకాకుళం ఆ వాదనను కొత్త రూపంలో ముందుకు తెచ్చాయి.

మన చర్చకు ముఖ్యమైన పాఠం ఒకటి. 1948 సెప్టెంబరులో యూనియన్ సైన్యాలు వచ్చి నిజాం లొంగిపోయిన తరువాత ఉన్న రైతులు చాలామంది పోరాటం నుంచి తప్పుకున్నారు. వెట్టి పోయింది, రజాకార్ల బెడద పోయింది, వారి పని తీరింది. కూలీకీ పేద రైతుకూ మాత్రం పంచుకున్న భూమిని నిలబెట్టుకోవలసిన అసలు పని మిగిలింది. కలిసి నడిచేటప్పుడే ఎవరు ఎంతదూరం వస్తారో తెలుసుకొని వుండాలనేందుకు ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

రైతు సంఘం, కూలి సంఘం

1936లో లక్నోలో అఖిల భారత కిసాన్ సభ పుట్టింది. స్వామి సహజానంద సరస్వతి అధ్యక్షుడు, మన ఎన్.జి. రంగా గారు ప్రధాన కార్యదర్శి. జమీందారీ రద్దు కోసం ఇద్దరూ కలిసి పనిచేశారు. కాని వారి దారులు రెండయ్యాయి. రంగా గారికి రైతాంగం ఒకే కుటుంబం, పల్లెకు శత్రువు పట్నం. ఆ దారి 1959లో స్వతంత్ర పార్టీ అధ్యక్ష పదవి దాకా పోయింది. సహజానంద మాత్రం ఆస్తిగల రైతులతో మొదలుపెట్టి, రాను రాను అట్టడుగుకు దిగాడు. 1941లో హజారీబాగ్ జైలులో వుండగా వ్యవసాయ కూలీల మీదనే ప్రత్యేకంగా ఒక పుస్తకం రాశాడు. ఒక సన్యాసికి జైలు గోడల మధ్య తట్టిన సంగతి, ఎందరో రైతు నాయకులకు బయట పొలం గట్ల మీద తిరుగుతున్నా తట్టలేదు!

నెల్లూరు జిల్లా అలగానిపాడులో ఆస్తిగల రైతు ఇంట పుట్టిన సుందరయ్య గారు 1930 దశకంలోనే కూలీలను కూడగట్టే పనికి దిగారు. అయినా వ్యవసాయ కార్మికులకు అఖిల భారత స్థాయిలో విడి సంఘాలు రావడానికి చాలా కాలం పట్టింది. 1968లో మోగాలో భారతీయ ఖేత్ మజ్దూర్ యూనియన్, 1982లో అఖిల భారత వ్యవసాయ కార్మిక సంఘం ఏర్పడ్డాయి. విడి సంఘం పెడితే రైతాంగ ఐక్యత చెడుతుందని ఆనాడు భయపడినవారున్నారు. అసలు ఐక్యత అనేది నోరు లేనివాడికీ నోరున్నవాడికీ మధ్య ఎలా వస్తుంది? ముందు ఇద్దరికీ నోరు వుండాలి.

ఈలోగా ‘ఊరంతా ఒకటే’ అన్న పాత పాట కొత్త రాగంతో వచ్చింది. 1980లో మహారాష్ట్రలో శరద్ జోషి ఉల్లి, చెరకు ధరల కోసం పెద్ద ఆందోళన నడిపారు. ‘ఇండియా’ వేరు, ‘భారత్’ వేరు అన్నారు. పంటకు ధర వస్తే కూలి దానంతటదే పెరుగుతుందన్నారు. ధరల సంగతిలో ఆయన చూపిన దోపిడీ నిజమే. కాని కూలి దానంతటదే ఎక్కడా పెరగలేదు. అడిగిన చోట పెరిగింది, సమ్మె కట్టిన చోట పెరిగింది. కేరళలో వ్యవసాయ కార్మికులు సంఘటితమయ్యారు గనుకనే 1974లో పని గంటలు, కూలి, వివాద పరిష్కారం చట్టంలోకి ఎక్కాయి, 1980లో పింఛను వచ్చింది.

కులం గోడ

వర్గం పేరు చెప్పి కులాన్ని దాటవేసిన తప్పు మన ఉద్యమాల ఖాతాలోనే వుంది. తంజావూరు జిల్లా కీళవెణ్మణిలో 1968 డిసెంబరు 25 రాత్రి 44 మందిని గుడిసెలో పెట్టి తగలబెట్టారు. వారు చేసిన నేరం కూలి ధాన్యం మరికొంత అడగడం, ఎర్రజెండా దించకపోవడం. చచ్చినవారు దళితులు, చంపినవారు వరి ఉత్పత్తిదారుల సంఘం కట్టుకున్న భూస్వాములు. అక్కడ వర్గమూ కులమూ ఒకే నిప్పుకు రెండు నాలుకలు. 1985 జులై 17న కారంచేడులో గొడవ మంచినీళ్ళ చెరువు దగ్గర మొదలయింది. కాని ఆ గొడ్డళ్ళ వెనక హరిత విప్లవపు డబ్బుతో బలిసిన ఆధిపత్యం వుంది. మాదిగ పల్లె మీద పడ్డవారిలో ‘రైతు’ అనే గౌరవమైన పేరు లేనివారు ఎందరు?

ఇటీవలి ముచ్చట చూద్దాం. 2020లో పంజాబు రైతులు కార్పొరేట్ల కోసం చేసిన మూడు చట్టాల మీద లేచారు. నవంబరు 26న, కార్మిక సంఘాల సార్వత్రిక సమ్మె జరిగిన రోజునే, ఢిల్లీ బాట పట్టారు. ఏడాది పైన ఢిల్లీ సరిహద్దుల్లో చలికీ ఎండకూ కూర్చున్నారు. 2021 నవంబరులో చట్టాలు రద్దయ్యాయి. దేశానికే పాఠం అది. అయితే అదే 2020లో, జూన్ నాట్ల వేళ, వలస కూలీలు కరోనా వలన రాకపోతే, అదే పంజాబులో అనేక పంచాయతీలు స్థానిక దళిత కూలీలకు ఇంతకు మించి ఇవ్వరాదని నాటు రేటు కట్టేశాయి. కాదన్నవారిని సాంఘికంగా వెలి వేస్తామన్నాయి. తన పంటకు కనీస ధర కావాలన్న చేతులే కూలికి గరిష్ఠ ధర కట్టాయన్నమాట! మార్కెట్టు తనకు అనుకూలిస్తే కూలీకి, ప్రతికూలిస్తే రైతుకు అన్న న్యాయం ఊళ్ళో చెల్లదు. ఆ ఢిల్లీ పోరాటంలో దళిత కూలీలు ఇంకా ఎక్కువగా ఎందుకు కలవలేదని అడిగేవారు ముందు ఈ తీర్మానాలను చదవాలి.

లెక్క వేసి చూద్దాం

కూలి పెంచితే రైతు మునిగిపోతాడన్నది నిజమేనా? లెక్క కోసం ఒక ఎకరా వరి తీసుకుందాం. 24 క్వింటాళ్ళు పండిందనుకుందాం. 2025-26లో సాధారణ రకం వరికి ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. తేమ అనీ, తాలు అనీ, తరుగు అనీ చెప్పి వ్యాపారి లేదా మిల్లరు క్వింటాలుకు 200 రూపాయలు కోశాడనుకుంటే రైతుకు పోయింది 4,800 రూపాయలు. అదే ఎకరాకు బయటి కూలీలు 20 పనిదినాలు పెట్టారనుకుని రోజుకు 100 రూపాయలు కూలి పెంచితే అదనంగా పడేది 2,000 రూపాయలు. కౌలు రైతయితే పెట్టుబడిలో కౌలు ఒక్కటే వీటన్నిటినీ మించిపోతుంది. మరి రైతు కోపం రైస్ మిల్లు మీదికి పోకుండా, కౌలు గుంజే ఆసామి మీదికి పోకుండా, నడుం వంచి నాటు వేసే అమ్మ మీదికి ఎందుకు పోతున్నది? మిల్లరు చేతికి అందడు, కూలి ఎదుట కనిపిస్తుంది. అంతే.

ఇంకో సంగతి. మద్దతు ధర లెక్కించేటప్పుడు బయటి కూలీలకు ఇచ్చిన కూలి సాగు ఖర్చులోకి వస్తుంది. స్వామినాథన్ సంఘం చెప్పినట్టు సొంత భూమి కౌలు, పెట్టుబడి వడ్డీ కూడా కలిపిన సమగ్ర ఖర్చు మీద సగం కలిపి ధర ఇస్తే, కూలి పెరిగిన ప్రతిసారీ ధర కూడా పెరగాలి. ప్రభుత్వం ఆ రెండిటినీ వదిలేసి తక్కువ ఖర్చు మీద ఒకటిన్నర రెట్లు ఇస్తున్నామని చెబుతున్నది. అంటే కూలి పెరుగుదలకూ గిట్టుబాటు ధరకూ వైరం లేదు. ఒకటి లేనిదే రెండవది నిలవదు. కూలివాడి చేతిలో డబ్బు ఆడితేనే బియ్యం, పప్పు, కూరగాయలు అమ్ముడుపోతాయి. రైతుకు ధర వస్తేనే పొలంలో పని నిలుస్తుంది.

1951లో లేని మరో నిజం ఇప్పుడున్నది. 2001లో దేశంలో సాగుదారులు 12.73 కోట్లు, వ్యవసాయ కూలీలు 10.68 కోట్లు. 2011 జనగణన నాటికి సాగుదారులు 11.88 కోట్లకు తగ్గారు, కూలీలు 14.43 కోట్లకు పెరిగారు. నిన్నటి రైతే నేటి కూలీ. పొద్దున సొంత అరెకరంలో కలుపు తీసి, మధ్యాహ్నం పక్క పొలంలో కూలికి పోయి, ఎండాకాలం ఉపాధి పనిలో తట్ట మోసే మనిషిని ఏ జాబితాలో వేస్తారు? అతని ఇంట్లో ఇద్దరూ వున్నారు, రైతూ వున్నాడు, కూలీ వున్నాడు.

ప్రభుత్వాలు మాత్రం భూమి కాగితం వున్నవాడినే రైతు అంటున్నాయి. తెలంగాణలో 2018లో మొదలయిన రైతుబంధు పట్టాదారుకే చేరింది, కౌలుదారుకు చేరలేదు. 2025 జనవరిలో ఎకరాకు ఏడాదికి 12 వేలు రైతు భరోసా అని, భూమిలేని కూలి కుటుంబానికి ఏడాదికి 12 వేలు ఆత్మీయ భరోసా అని ప్రకటించారు. అంటే ఒక్క ఎకరం ఎంతో, ఇంటిల్లిపాది కూలీలూ అంతే! ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం కౌలు రైతుకు కార్డు ఇస్తామన్నది, కాని యజమాని సంతకం కావాలన్నది. సంతకం పెట్టే యజమాని ఎంతమంది?

మన కర్తవ్యం

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. సీజనులో 60 రోజులు ఉపాధి పని ఆపడం రైతుకు మేలు కాదు. కూలీల కొరత అసలు తీరాలంటే రైతు ఇవ్వగలిగిన కూలి పెరగాలి, రైతు ఇవ్వగలగాలంటే ధర రావాలి. చిన్న, సన్నకారు రైతుల పొలాల్లో గట్లు, కాలువలు, నీటి కుంటల వంటి పనులు ఉపాధి హామీ కింద చేయించి, కూలిలో భాగం ప్రభుత్వం భరించవచ్చు. అది చేయకుండా కూలివాడి కాళ్ళకు బంధం వేసి రైతుకు కానుక ఇచ్చినట్టు నటించడం పాత దొరల విద్యే. నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చింది 2025 నవంబరు 21న, ఉపాధి చట్టం మార్చింది మరుసటి నెలలో. పట్నంలో కార్మికుడికీ పల్లెలో కూలీకీ దెబ్బ ఒకే చేతి నుంచి వచ్చింది.

చరిత్ర చెప్పిన పాఠాలను ఊరి స్థాయికి తెచ్చుకుంటే మన ముందు నిలిచే పనులివి:

ఒకటి: కూలి సంఘం విడిగా, గట్టిగా వుండాలి. రైతు సంఘం నాయకుడి వాకిట్లో కూర్చుని కూలి రేటు మాట్లాడుకునే పద్ధతి పోవాలి.

రెండు: నాట్లకు ముందే రెండు సంఘాలూ కూర్చుని కూలి ఒప్పందం చేసుకోవాలి. పది ఎకరాల ఆసామికీ, ఎకరంన్నర కౌలుదారుకీ ఒకే కొలత పెట్టకూడదు. పేద రైతు కష్టం కూలి సంఘం వినాలి. ఆడకూలీకీ మగకూలీకీ తేడా వుండరాదన్నది ఆ ఒప్పందంలో మొదటి షరతు కావాలి.

మూడు: ఏ ఊళ్ళోనైనా కూలి రేటు కట్టివేస్తూ తీర్మానం, వెలి మాట వస్తే దాన్ని ముందుగా ఎదిరించవలసింది రైతు సంఘమే. కూలీలు ఎదిరిస్తే గొడవ అంటారు, రైతు సంఘం ఎదిరిస్తే అది రాజకీయం అవుతుంది.

నాలుగు: ధాన్యం కొనుగోలు కేంద్రం దగ్గర ధర్నా చేసేటప్పుడు కూలీలూ, ఉపాధి పని కోసం మండలాఫీసు ముందు కూర్చునేటప్పుడు రైతులూ రావాలి. 2018 సెప్టెంబరు 5న, మళ్ళీ 2023 ఏప్రిల్ 5న ఢిల్లీలో రైతులు, కూలీలు, కార్మికులు కలిసి కదిలారు. ఢిల్లీలో సాధ్యమైనది మన మండల కేంద్రంలో ఎందుకు సాధ్యం కాదు?

అయిదు: కౌలు రైతును యజమాని సంతకం మీద ఆధారపడకుండా గుర్తించాలన్న కోర్కెను రెండు సంఘాలూ ఉమ్మడి కోర్కెగా చేపట్టాలి. కౌలుదారే ఈ రెంటినీ కలిపే వంతెన.

‘అందరూ ఒకటే’ అన్నవారు కూలీని మరిచారు. ‘రైతు పనికిరాడు’ అన్నవారు ఒంటరులయ్యారు. ఎవరు ఎవరో తెలుసుకుని, ఎవరి సంఘంలో వారు నిలబడి, ఉమ్మడి శత్రువు మీదికి కలిసి నడిచినప్పుడే భూమి కదిలింది. రేపు సీజను పేరు చెప్పి పనులు ఆపే నోటీసు పంచాయతీ గోడ మీద పడిన రోజున, దాని ముందు కూలి సంఘం ఒక్కటే నిలబడుతుందా, పక్కన రైతు సంఘం కూడా వుంటుందా? ఇన్నేళ్ళ చర్చకూ మన ఊరు చెప్పే జవాబు అక్కడే తేలుతుంది.